మడిచిన రెండు కొసలు

తాహిరు తీర్పు చెప్పి మూడు రోజులైంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ పాటించలేదు.

పాటించకపోతే పోనీ అనుకుందామన్నా వీల్లేకుండా, ఆ అవమానం హాలు మధ్యలో పరిచి ఉంది. గదిలోంచి వాకిట్లోకి వెళ్ళాలంటే దాని చుట్టూ తిరిగి వెళ్ళాలి. రోజుకి ఇరవై సార్లు తిరుగుతున్నాడు.

కాలవ గట్టున తివాచీలు నేసే షెడ్డు ఒకటుంది. పదహారు మగ్గాలు, ఆడా మగా కలిసి నలభై మంది పనివాళ్ళు. యజమాని వీరభద్రం గారు. షెడ్డుకి ఎదురుగా, దర్గాని ఆనుకుని ఉన్న ఖాన్‌కాలో, అంటే సూఫీల మఠంలో, నూరుల్లా షా గారు తన శిష్యులతో ఉంటారు. ఊళ్ళో అందరూ ఆయన్ని హజ్రత్ అంటారు. యజమానికీ పనివాళ్ళకీ పేచీ వస్తే ఆ ఖాన్‌కాలో తేల్చుకోవడం వీరభద్రం గారి తండ్రి రోజుల నుంచీ ఆనవాయితీ.

ఆ ఆనవాయితీకి ఒక తివాచీ ఉంది. దానికి ఉన్ని యజమాని ఇచ్చాడు. ముడులు పనివాళ్ళు ఊరికే వేశారు. పేచీ తేల్చే రోజున రెండు కొసలు యజమాని తరఫువాళ్ళు, రెండు కొసలు పనివాళ్ళ తరఫువాళ్ళు పట్టుకుని హాల్లో పరుస్తారు. దాని మీద మధ్యవర్తి కూర్చుంటాడు. తేల్చాల్సిందేమిటో రెండు పక్షాలూ కలిసి ఒక కాయితం మీద రాసి అతని ముందు పెడతాయి. తమ మధ్య ఉన్న ఒప్పందం కూడా పక్కనే పెడతాయి. అతను ఒప్పందం చూసి జవాబు చెప్పాలి. చెప్పిన జవాబుకి ఇద్దరూ కట్టుబడాలి. దాని మీద ఇంకెవరి దగ్గరికీ వెళ్ళకూడదు.

అంత అధికారం ఒక మనిషికి ఇచ్చినప్పుడు ఎక్కడో ఒకచోట గొళ్ళెం ఉండాలి కదా. అదీ ఉంది. మధ్యవర్తి తామిచ్చిన హద్దు దాటాడని ఏ పక్షానికైనా గట్టిగా అనిపిస్తే, తాము పరిచిన రెండు కొసలూ లోపలికి మడిచి వెళ్ళిపోవచ్చు. ఇక ఆ తీర్పు చెల్లదు. మధ్యవర్తి తీర్పు సరిదిద్దుకుంటే మడిచినవాళ్ళే వచ్చి విప్పాలి, ఆ కొసల్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఏడు రోజుల్లో విప్పకపోతే, పేచీ నాటికి ఏది ఎలా ఉందో అలాగే ఖాయమైపోతుంది.

హజ్రత్ ఆ తివాచీ మీద నలభై ఏళ్ళు కూర్చున్నారు. ఒక్కసారి కూడా ఎవరూ కొసలు మడవలేదు. ఈ ఏడు ఆయన మోకాళ్ళు మొరాయించాయి. కింద కూర్చుంటే లేవలేరు. రెండు పక్షాలవాళ్ళూ వచ్చి, మీ శిష్యుణ్ణి కూర్చోబెట్టండి అన్నారు. తాహిరు బందరులో రెండేళ్ళు లా చదివి మానేసి వచ్చినవాడు. చదువు మానేశాడు గాని చదివినవాణ్ణన్న ధీమా మానలేదు. హజ్రత్ అతని వంక చూసి, కూర్చుంటావా అని అడిగారు. అతను అప్పటికే జేబులో కలం సర్దుకుంటున్నాడు.

పేచీ హలీమాబీది.

హలీమాబీ ఇరవై ఆరేళ్ళుగా తొమ్మిదో మగ్గం మీద నేస్తోంది. ఆ మగ్గం ముందు బల్ల కూడా ఆమె కూర్చునే చోట అరిగి పల్లమైంది. ఈమధ్య ఆమె చేతిలో రంగులు తప్పుతున్నాయి. అంచు మీద ముదురాకుపచ్చ ఆకు రావలసిన చోట ముదురు నీలం ఆకు వస్తోంది. నేసేటప్పుడు తెలియదు, పొద్దున్నే కిటికీలు తీశాక తెలుస్తుంది. జానెడు నేతని మళ్ళీ విప్పాల్సి వస్తుంది. మేస్త్రీ దానయ్య రెండుసార్లు అందరి ముందూ చెప్పాడు. రెండోసారి చెప్పేటప్పుడు గుడ్డిదానా అని కూడా అన్నాడు. మూడోసారి కాలవ రేవులో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చెప్పాడు. మర్నాడు ఆమెని పనిలోంచి తీసేశారు.

ఒప్పందంలో ఉన్న మాట ఇది: ఎవరినైనా తీసేయాలంటే వాళ్ళ తప్పు మూడుసార్లు, నలుగురి ముందు చెప్పి ఉండాలి.

రెండు పక్షాలూ తాహిరు ముందు పెట్టిన కాయితం మీద ఉన్నదీ చిన్నదే. హలీమాబీని తీసేయడం ఒప్పందం ప్రకారం జరిగిందా? జరగకపోతే ఆమె విషయంలో ఏం చేయాలి?

ఎవరైనా అరగంటలో తేల్చగలిగిన సంగతి. తాహిరు రెండు రోజులు తీసుకున్నాడు. షెడ్డుకి వెళ్ళి చూశాడు. హలీమాబీ చెప్పింది విన్నాడు. గుడ్డిదానా అన్న మాట దగ్గర అతనికి నిజంగానే కోపం వచ్చింది. ఆ కోపంతోనే కూర్చుని తీర్పు రాశాడు, నాలుగు అంశాలుగా.

ఒకటి, మూడోసారి చెప్పింది నలుగురి ముందు కాదు కాబట్టి తీసేయడం చెల్లదు, హలీమాబీ తన మగ్గం దగ్గరికి తిరిగి రావాలి. రెండు, దానయ్యని మేస్త్రీ పని నుంచి తప్పించాలి. మూడు, నలభై దాటిన ఆడవాళ్ళ చేత పొద్దు వాలాక ముదురు రంగులు నేయించకూడదు. నాలుగు, వీరభద్రం గారు షెడ్డులో అందరి ముందూ హలీమాబీకి క్షమాపణ చెప్పాలి.

సోమవారం పొద్దున తివాచీ మీద కూర్చుని చదివాడు. మొదటి అంశం వింటున్నప్పుడు వీరభద్రం గారు తల ఊపారు కూడా. రెండో అంశానికి ఊపడం ఆగింది. నాలుగోది అయ్యేసరికి లేచి నిలబడ్డారు.

"మొదటిది మేం అడిగాం, మీరు చెప్పారు. మిగతావి ఎవరడిగారండీ?" అన్నారాయన.

ఆమె విషయంలో ఏం చేయాలో మీరే అడిగారు కదా అన్నాడు తాహిరు. ఆమె విషయంలో అన్నాం గాని నా షెడ్డు మొత్తం విషయంలో అనలేదే అన్నారాయన. కోపంగా కూడా అనలేదు. వంగి తన వైపు కొసలు రెండూ లోపలికి మడిచి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.

ఆ వెళ్ళిపోవడంతో మిగతా మూడింటితో పాటు మొదటి అంశం కూడా పోయింది. హలీమాబీ షెడ్డు గుమ్మం దాకా వచ్చి, లోపలికి వెళ్ళాలో వద్దో తెలియక, కాసేపు నిలబడి ఇంటికెళ్ళింది. వచ్చే సోమవారం లోపల కొసలు విప్పకపోతే తొమ్మిదో మగ్గం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆమె వయసులో కొత్త పని నేర్పేవాళ్ళు లేరు. ఆమెకి చేతనైన పని ప్రపంచంలో అదొక్కటే.

తాహిరు మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. గురువారం మధ్యాహ్నం షెడ్డు దాకా వెళ్ళి, లోపలికి వెళ్ళకుండానే తిరిగొచ్చాడు. ఎండకి మొహం ఎర్రబడింది. హజ్రత్ హాల్లో గోడకి ఆనించిన కుర్చీలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నారు. అతను తివాచీ చుట్టూ తిరిగి ఆయన దగ్గరికి వచ్చాడు.

మూడు రోజులుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా చెప్పేశాడు. తను రాసిన నాలుగింటిలో ఏది తప్పో చెప్పమన్నాడు. ఆడమనిషిని అలా తిట్టిన మేస్త్రీని ఉంచాలా? మసక వెలుగులో కళ్ళు చెడగొట్టుకోమనాలా? చేసిన తప్పుకి క్షమాపణ అడగడం నేరమా?

"ఒక్కటీ తప్పు కాదు," అన్నారు హజ్రత్.

"మరి?"

హజ్రత్ అతని ఎండిన పెదాలు చూశారు. "దాహంగా ఉన్నావు," అన్నారు.

తాహిరు అప్పుడే గమనించుకున్నాడు, గొంతు ఎండిపోయి ఉంది. హాలు అవతలి గోడ వారన ముక్కాలి పీట మీద మట్టికూజా ఉంది. దాని మీద గ్లాసు బోర్లించి ఉంది. అటు వెళ్ళబోయాడు.

"ఆగు. ముందు నీ చోట్లో కూర్చో," అన్నారాయన తివాచీ చూపించి.

తాహిరు చెప్పులు విడిచి కూర్చున్నాడు. వెనక వైపు వీరభద్రం గారు మడిచిన కొసలు రెండూ అలాగే ఉన్నాయి. ముందు వైపు పనివాళ్ళు పరిచిన కొసలు తిన్నగా ఉన్నాయి. కూజా ఆ ముందు వైపే ఉంది.

"ఇప్పుడు తాగు. తివాచీ మాత్రం దిగొద్దు."

ఇదేదో పరీక్ష అని తాహిరుకి అర్థమైంది. చదువుకున్నవాడు కదా, పరీక్ష అనగానే కొంచెం హుషారు కూడా వచ్చింది. అంచు దాకా జరిగి చెయ్యి చాపాడు. అందలేదు. బోర్లా పడుకుని చాపాడు. అయినా మూరెడు తక్కువ. లేచి కూర్చుని ఆలోచించాడు. హాలు నేల నున్నటి బండలు. ఆలోచన తట్టింది. రెండు చేతులూ నేలకి ఆన్చి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే, తివాచీతో సహా ముందుకి జరగడం మొదలుపెట్టాడు.

జరిగింది. జానెడు జరిగింది, ఇంకో జానెడు జరిగింది. హజ్రత్ తస్బీ తిప్పడం ఆపి చూస్తున్నారు. మూడో ఊపుకి ముందు అంచు బండ సందులో తట్టుకుని కిందికి చుట్టుకుపోయింది. తాహిరు పట్టు వదల్లేదు. నాలుగో ఊపుతో చెయ్యి కూజా మెడకి తగిలింది గాని పట్టు చిక్కలేదు. గ్లాసు పడి దొర్లుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది.

అతను ఒగర్చుకుంటూ కిందికి చూసుకున్నాడు. పనివాళ్ళు పరిచిన కొసలు రెండూ నలిగి, అతని మోకాళ్ళ కింద లోపలికి ముడుచుకుని ఉన్నాయి. వెనక రెండూ మడిచి ఉన్నాయి. తను మధ్యలో ముద్దలా కూర్చుని ఉన్నాడు. ఆ కూర్చున్న తీరు ఎవరైనా చూస్తే నవ్వేవాళ్ళు. హజ్రత్ నవ్వలేదు.

బయట ఎవరో సాయంత్రపు అసర్ నమాజుకి నీళ్ళు తోడుతున్న చప్పుడు వినిపించింది.

"ఎంతసేపు దిగకూడదు హజ్రత్?" అని అడిగాడు తాహిరు చివరికి.

"మధ్యవర్తిగా ఉన్నంతసేపు."

"ఆ తర్వాత?"

హజ్రత్ కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్ళని బతిమాలుకుంటూ మెల్లగా లేచారు. "తర్వాత నీ కాళ్ళు నీవి," అని నమాజుకి వెళ్ళిపోయారు.

తాహిరు ఆ ముద్ద మీద ఇంకా కాసేపు కూర్చున్నాడు. సిగ్గేసింది. సిగ్గు కిందే ఎక్కడో కొంచెం తేలికగా కూడా అనిపించింది. ప్రపంచంలో ఉన్న అన్యాయమంతా ఆ కాయితం మీదే సరిచేయాలని మూడు రోజులుగా మోస్తున్నాడు మరి. లేచి దిగాడు. తను నలిపిన కొసలు రెండూ సాపు చేసి, తివాచీని బండల మీద దాని చోటికి లాగాడు. వెనక కొసల జోలికి పోలేదు. అవి తను విప్పేవి కావు. గుమ్మం దగ్గర గ్లాసు ఏరుకొచ్చి కూజా దగ్గరికి నడిచాడు.

శుక్రవారం నమాజు అయ్యాక రెండు పక్షాలకీ ఒకే మాట కబురు పంపాడు. తీర్పు మళ్ళీ చదువుతాను, శనివారం పొద్దున రండి అని. ఒక పక్షం ఇంటికి వెళ్ళి ముందుగా ఏదీ చెప్పలేదు. ఆ మాత్రం జాగ్రత్త అతనికి అప్పటికి వచ్చింది.

అయినా పనివాళ్ళ పెద్ద నన్నేసాహెబు ఊరుకోలేదు. ముందే తెలుసుకుందామని శుక్రవారం సాయంత్రమే వచ్చాడు, వెనకే హలీమాబీ వచ్చింది. తాహిరు తన నోటితో ఏమీ చెప్పకపోయినా, అతని మొహం చూసి నన్నేసాహెబు పసిగట్టేశాడు. నాలుగిచ్చి మూడు లాక్కుంటావా, రాక రాక వచ్చిన మంచి మాటలు నువ్వే కొట్టేస్తావా అని నిలదీశాడు. రేపు ఇద్దరి ముందూ చెబుతాను, ఇవాళ ఒక్కరికి చెప్పలేను అన్నాడు తాహిరు. అలా అనడం అతనికి చాలా కష్టమైంది. నాలుగు రోజుల కిందట అతన్ని భుజం తట్టి మెచ్చుకున్నవాడు నన్నేసాహెబు ఒక్కడే.

హలీమాబీ అప్పటిదాకా గడప దగ్గరే నిలబడి వింది.

"నాకు నా మగ్గం వస్తే చాలు బాబూ. నేనడిగింది అదొక్కటే కదా," అంది.

తాహిరు తలెత్తి ఆమెని చూశాడు. ఇన్ని రోజులూ ఆమె కోసం రాశాననే అనుకున్నాడు. ఆమె ఏం అడిగిందో మాత్రం ఇప్పుడే విన్నట్టయింది.

శనివారం పొద్దున హాలు నిండిపోయింది. మడిచిన కొసలు మడిచినట్టే ఉన్నాయి. వీరభద్రం గారు వచ్చారు గాని కూర్చోలేదు, గుమ్మం పక్కన నిలబడ్డారు. ఆయన వెనక మేస్త్రీ దానయ్య ఉన్నాడు. ఇటు పనివాళ్ళు, ముందు వరసలో నన్నేసాహెబు మొహం ముడుచుకుని ఉన్నాడు. హలీమాబీ ఆడవాళ్ళలో చివర, గోడ పట్టుకుని నిలబడింది. హజ్రత్ తన కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు.

తాహిరు తివాచీ ఎక్కి కూర్చుని, ముందుగా తను సోమవారం చదివిన కాయితం తీశాడు. రెండు, మూడు, నాలుగు అంశాల మీద అందరూ చూస్తుండగా కలంతో అడ్డంగా గీత కొట్టాడు.

"ఈ మూడూ మీరిద్దరూ నన్ను అడిగినవి కాదు. మీ ఒప్పందంలో ఉన్నవీ కాదు. నా మనసులోంచి తెచ్చి మీ కాయితంలో పెట్టాను. అది నా తప్పు," అన్నాడు.

ఆ తర్వాత మిగిలినదాన్ని చదివాడు. మూడోసారి నలుగురి ముందు చెప్పలేదు, చెప్పాలని ఒప్పందంలో ఉంది. కాబట్టి తీసేయడం చెల్లదు. హలీమాబీ రేపటి నుంచి తొమ్మిదో మగ్గం మీద కూర్చుంటుంది. అంతే. కాయితం కింద పెట్టాడు. చదవడానికి పట్టింది ఊపిరి రెండుసార్లు తీసుకునేంత సమయం.

హలీమాబీ కళ్ళు వీరభద్రం గారి చేతుల మీదే ఉన్నాయి.

వీరభద్రం గారు కాయితం అడిగి తీసుకున్నారు. గీతలు కొట్టిన చోటు చూశారు, కొట్టని చోటు చూశారు. తీర్పు తనకి వ్యతిరేకంగానే ఉంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. కాయితం తిరిగి తాహిరు చేతికిచ్చి, పంచె ఎగ్గట్టుకుని వంగారు. ఒక కొస విప్పారు. రెండో కొస విప్పారు. అయిదు రోజులు మడిచి ఉండడంతో ఉన్ని మీద గీతలు పడ్డాయి, అరచేత్తో రెండుసార్లు రుద్దారు.

హలీమాబీ గోడ వదిలేసి అక్కడే కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వుతూ ఆమె వీపు నిమిరారు. ఎవరో బయటికి పరుగెత్తి షెడ్డులోవాళ్ళకి చెప్పినట్టున్నారు, అటునుంచి కేకలు వినిపించాయి.

నన్నేసాహెబు మొహం ఇంకా పూర్తిగా విప్పారలేదు. పొద్దు వాలాక ముదురు రంగుల సంగతి వచ్చే ఒప్పందం రాసుకునేటప్పుడు మేమే అడుగుతాం, మా మాట మా నోటితోనే అడుగుతాం అన్నాడు వీరభద్రం గారితో. అడగండి చూద్దాం, నేనూ అడిగేవి అడుగుతాను అన్నారాయన. ఆ మాటకి నన్నేసాహెబు మొహం కొంచెం విప్పారింది.

అందరూ కదులుతుండగా తాహిరు తివాచీ దిగాడు. చెప్పులు తొడుక్కున్నాడు. తిన్నగా దానయ్య దగ్గరికి వెళ్ళి, రా టీ తాగుదాం అన్నాడు.

దానయ్య బెదిరాడు. రెండో అంశం గీత కింద ఇంకా కనబడుతూనే ఉంది కదా.

"ఇంకా ఏమైనా ఉందాండీ?" అన్నాడు.

"తీర్పు అయిపోయింది దానయ్యా. ఇది నేను ఊరికే అడుగుతున్నా."

కాలవ వంతెన దగ్గర టీ బడ్డీలో బల్ల మీద కూర్చున్నారు. ఆ ముసలామెని గుడ్డిదానా అన్నావట, వినడానికి నాకే బాధనిపించింది అన్నాడు తాహిరు. హుకుం లేదు, అంశం లేదు, అంకె లేదు. దానయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అన్నానండీ. అనకూడదు. నేత విప్పించిన ప్రతిసారీ అయ్యగారు నన్ను నిలబెట్టి అడుగుతారు. ఆ మంటలో అనేశాను. ఆవిడకి సందేళ నీలం, పచ్చ ఒకటే నలుపులా కనబడతన్నాయండి. అది బయటికి చెప్పదు, చెబితే తీసేస్తారని భయం. నాకూ ఎలా అడగాలో తెలవదు," అన్నాడు.

మర్నాడు ఏం చేయవచ్చో ఇద్దరూ ఇంకో టీ తాగేవరకూ మాట్లాడుకున్నారు. చాలావరకు మాట్లాడింది దానయ్యే. మగ్గాల సంగతి తాహిరుకి ఏం తెలుసు.

ఆదివారం పొద్దున హలీమాబీ షెడ్డులోకి వచ్చింది. బల్ల మీద తన పల్లంలో కూర్చుని, బిస్మిల్లా అనుకుని పైకి చూసింది. పైన కర్రకి వేలాడుతున్న ఉన్ని ఉండల్లో, ముదురు నీలం ఉండలన్నిటికీ ఒక్కో తెల్లదారం ముక్క కట్టి ఉంది. ముదురాకుపచ్చవాటికి లేదు. ఆమె ఒక ఉండ పట్టుకుని ఆ తెల్లదారాన్ని వేళ్ళతో తడిమి చూసింది. తర్వాత చుట్టూ చూసింది. దానయ్య అవతలి మగ్గం దగ్గర ఎవరికో ఏదో గట్టిగా చెబుతున్నాడు, ఇటు చూడలేదు.

ఆ సాయంత్రం తాహిరు ఆ సంగతి హజ్రత్‌కి చెప్పాడు. వీరభద్రం గారి క్షమాపణ సంగతి ఆయన అడగలేదు, అతనూ ఎత్తలేదు. తివాచీని అప్పటికే రెండు పక్షాల నుంచీ ఇద్దరేసి వచ్చి నాలుగు కొసలూ పట్టుకుని దులిపి, చుట్టి, అటక మీద పెట్టి వెళ్ళారు. హాలు నేల ఖాళీగా, చల్లగా ఉంది. తాహిరు దాని మీదుగా తిన్నగా నడిచి వెళ్ళి, కూజాలోంచి గ్లాసు నింపి తెచ్చి హజ్రత్ చేతికిచ్చి, ఆయన కాళ్ళ దగ్గర వట్టి నేల మీద కూర్చున్నాడు.

ఆయన సగం తాగి, మిగతా సగం అతనికిచ్చారు.

"దాహం తీరిందా బేటా?"

"తీరింది హజ్రత్," అన్నాడు తాహిరు. "దిగి నడిస్తే నాలుగడుగులే."